అలకకు నాలుగు అక్షరాలు

2022 సెప్టెంబరులో మా ఆఫీసువాళ్లు వైట్‌ఫీల్డ్‌లో ఒక హోటల్ హాలు తీసుకుని మాకు ఒకరోజు వర్క్‌షాప్ పెట్టారు. ఎవరి స్వభావం ఏ రకమో తేల్చే మయర్స్-బ్రిగ్స్ (ఎంబీటీఐ) పరీక్షట, అందరికీ ప్రశ్నల కాగితాలు పంచారు. నలుగురిలో ఉంటే హుషారొస్తుందా, నీరసమొస్తుందా? ఏదైనా తేల్చుకోవాలంటే లెక్క చూసుకుంటారా, మనసు చెప్పింది వింటారా? ఇలాంటివి. మధ్యాహ్నానికల్లా మార్కులు కూడి ఎవరి నాలుగక్షరాలు వాళ్ల చేతిలో పెట్టారు. నాకొచ్చింది ఐఎన్ఎఫ్‌పీ.

బఫే లైన్లో నిలబడి దాని గురించి ఫోన్లో చదివాను. పైకి మాట్లాడరు గానీ లోపల పెద్ద లోకమే ఉంటుందట. నమ్మినదాని కోసం ఎంత దూరమైనా వెళతారట. ఎదుటివాళ్ల బాధను తమదిగా అనుభవిస్తారట. చేతిలో గులాబ్‌జామ్ గిన్నె పట్టుకుని, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఎందుకంత కదిలిపోయానో చెప్పాలంటే ఊరికి వెళ్లాలి. మాది హిందూపురం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ మా పెద్దమ్మ నన్ను "వీడు ముంగి, పిలిచినా పలకడు" అని పరిచయం చేసేది. నాన్న ఇంకా పొదుపు, "మెతక" అని ఒక్క మాటతో సరిపెట్టేవాడు. ముప్ఫయ్యో పడిలో పడబోతుంటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి, అదేం లోపం కాదు బాబూ, మనుషుల్లో పదహారు రకాలుంటే నీదొక రకం అన్నారు. ముంగికి ఇంగ్లిషులో అంత మర్యాదైన పేరుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఐ అంటే ఇంట్రావర్ట్, ఒంటరిగా కాసేపుంటే గానీ తేరుకోని మనిషి. ఎన్ అంటే కళ్లముందున్నదాని కంటే అది ఏం కాగలదో అన్నదాని మీద ధ్యాస. ఎఫ్ అంటే విలువల్నీ మనుషుల్నీ చూసి నిర్ణయించడం. పి అంటే దేన్నీ ముడేసెయ్యకుండా చివరిదాకా వదులుగా ఉంచడం. ఒక్కోదానికి ఎదురుగా ఇంకో అక్షరం, మొత్తం నాలుగు జతలు. స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో అచ్చువేసిన పుస్తకంలోని ఆలోచనలు తీసుకుని, అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ దీన్ని తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీలో శిక్షణ పొందినవాళ్లు కారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, ఎవరికి ఏ పని నప్పుతుందో తేల్చగలిగితే మేలని ఇసబెల్ ఈ పనికి దిగింది. ఆవిడా తనను ఐఎన్ఎఫ్‌పీ అనే చెప్పుకుందని చదివాక నాకు కాస్త పొగరు కూడా వచ్చింది. కొలబద్ద చేసిందే మావాళ్లు!

ఈ టైపు మీద జోకులూ బొమ్మలూ బోలెడు. తలకి పూల కిరీటం, కంట్లో నీళ్లు, ఒళ్లో పిల్లి, చేతిలో సగం రాసిన కవిత. లెక్కలు రావు, కరెంటు బిల్లు కట్టడం మర్చిపోతారు, గట్టిగా మాట్లాడితే ఏడుస్తారు. ఇవి చూస్తే నాకు ఒళ్లు మండేది. పదో తరగతి లెక్కల్లో నాకు 94. బిల్లు గడువు ఏనాడూ దాటనివ్వలేదు. పిల్లులంటే తుమ్ములు. కాబట్టి ఆ చెడ్డ మూసలన్నీ పక్కకు నెట్టేశాను. మంచి మూసలు మాత్రం ఒక్కటి వదల్లేదు. మనసు స్వచ్ఛం, ఎవరినీ నొప్పించడు, తనకోసం ఏదీ అడగడు, లోకమే అతన్ని అర్థం చేసుకోలేదు. అసలు కొంప ముంచింది ఇవే. ఏడుపుగొట్టు అంటే కాదని దులుపుకుంటాం. మంచివాడివి అంటే ఎవరు దులుపుకుంటారు?

అప్పట్లో బ్రూక్‌ఫీల్డ్‌లో రెండు బెడ్రూముల ఫ్లాట్లో ఉండేవాణ్ణి. నాతోపాటు ఉన్నవాడిది పుంగనూరు, ఇంజనీరింగ్ నుంచీ స్నేహితుడు. పేరెందుకులెండి, ఒకర్నొకరం మచ్చా అనే పిలుచుకుంటాం. వాడు లోపల ఏమనుకుంటే బయటికి అదే అనే రకం. ఆకలేస్తే ఆకలంటాడు, నచ్చకపోతే ఛీ అంటాడు. వాడితో ఉండటం నాకు హాయిగా ఉండేది, వాడి పక్కన నేను ఇంకా లోతైనవాణ్ణిగా కనబడతాను కాబట్టి అని ఇప్పుడు అనిపిస్తోంది.

2024 ఎండాకాలం బెంగళూరులో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ల రేట్లు పైకెక్కాయి, మార్చిలో అధికారులు వాటి ధరలకి పరిమితి పెట్టాల్సి వచ్చింది. మా అపార్ట్‌మెంట్లో మెయింటెనెన్స్ మీద నీళ్ల డబ్బులు అదనం. గ్రూపులో మెసేజ్ పడగానే నేను కట్టేసేవాణ్ణి. వాడి వాటా వాడు మర్చిపోయేవాడు. "మచ్చా, ఆరువందలు పంపు" అంటే అయిపోయే పని. కానీ నా లోపలి లోకంలో రూలు వేరు. స్నేహితుణ్ణి డబ్బులడగడం అల్పత్వం. వాడికే తట్టాలి. తట్టలేదంటే వాడికి నేనంటే లెక్కలేనట్టే.

అడగలేదు, ఫోన్ నోట్స్‌లో రాయడం మొదలుపెట్టాను. ఫిబ్రవరి 11, ట్యాంకర్, 640. ఫిబ్రవరి 19, పాలు, పెరుగు, 118. కొన్నాళ్లకి డబ్బుల పక్కన వేరేవి కూడా చేరాయి. నా పుట్టినరోజు, విష్ చేసింది రాత్రి 9.20కి. వాళ్ల చెల్లెలొస్తే బిర్యానీ నేనే తెప్పించాను, థాంక్స్ లేదు. నా కొత్త చొక్కా గమనించలేదు. రోజూ కలిసి అన్నం తింటూ, మ్యాచ్ చూస్తూ, గదిలోకి రాగానే ఇది రాసుకునేవాణ్ణి. ఒక్కో ఎంట్రీకీ నేను ఇంకాస్త మంచివాణ్ణయిపోతున్నట్టుండేది.

మే నెలలో ఒక శుక్రవారం రాత్రి ఇంటికొచ్చేసరికి కుళాయి రావడంలేదు. పట్టిపెట్టిన రెండు బక్కెట్లూ ఖాళీ. కింద వాడి బైకు తడితడిగా మెరుస్తోంది. వాడు సోఫాలో పడుకుని "వచ్చావా మచ్చా, దోసె పిండుంది" అన్నాడు. నేను నవ్వాను కూడా. గదిలోకెళ్లి తలుపేసుకుని లాప్‌టాప్ తీశాను. నోట్స్‌లో ఉన్న 43 ఎంట్రీలూ ఎక్సెల్‌లోకి ఎక్కించాను. తేదీ, వివరం, మొత్తం, ఇప్పటిదాకా కూడిక. డబ్బు కానివాటికి పసుపు రంగు వేశాను. ఇస్త్రీ చేసిన చొక్కా మడత పెట్టినంత శ్రద్ధగా బోర్డర్లు గీశాను. రాత్రి 1.40కి పంపాను.

పది నిమిషాల్లో ఫోన్‌పేలో 11,640 రూపాయలు పడ్డాయి. కింద మెసేజ్ రాసేచోట రెండు మాటలు: "అడగొచ్చుగా మచ్చా." పక్క గదిలోంచే పంపాడు. మా మధ్య ఉన్నది తొమ్మిదంగుళాల గోడ.

జూన్‌లో వాడు సిల్క్ బోర్డు దగ్గర పీజీకి మారిపోయాడు. ఈ టైపుల గురించి రాసేవాళ్లు దీనికి కూడా ఒక వివరణ పెట్టారు. ఒత్తిడి హద్దు దాటితే ఐఎన్ఎఫ్‌పీ తన స్వభావానికి తలకిందులై, ఎదుటివాళ్ల తప్పులు లెక్కపెట్టే కరుకు మేనేజరులా తయారవుతాడట. అది చదివి నేను సిగ్గుపడలేదండీ, ఊపిరి పీల్చుకున్నాను. చూశావా, ఇందులో నా తప్పేం లేదు, టైపే అంత! జ్వరమొస్తే ఒళ్లు కాలినట్టన్నమాట.

ఆఫీసు సంగతి క్లుప్తంగా చెబుతాను, కథ అదే కాబట్టి. నేను సాఫ్ట్‌వేర్‌కి యూజర్ గైడ్లు రాస్తాను. ఒక గైడు ఇంకా అందంగా రావాలని మూడు వారాలు నానబెట్టాను. చివరికి పంపితే మేనేజరు ఆరు కామెంట్లు పెట్టారు, అందులో రెండు కామా గురించి. మూడు రోజులు సెలవు పెట్టి పడుకున్నాను. ఆయనకి ఇవ్వబోయే జవాబుని మనసులో ఎన్ని డ్రాఫ్టులు రాశానో. ఒక్కటీ పంపలేదు.

జులైలో నిద్ర పూర్తిగా పోయింది. ఒక కౌన్సెలర్ దగ్గరికెళ్లాను. కుందలహళ్లిలో మెట్రో ఎక్కితే నేరుగా ఇందిరానగర్. ఆవిడది కోలారు వైపు, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. "కూర్చోండి, నీళ్లు తాగుతారా" అన్న తీరులోనే మా ఊరి గాలి తగిలింది. డాక్టరుకి షుగరుందని ముందే చెప్పుకున్నట్టు నేను, "మేడమ్, నేను ఐఎన్ఎఫ్‌పీ" అన్నాను. ఆవిడ రాసుకోలేదు.

"సరే. ఆ మాట వాడకుండా ఏం జరిగిందో చెప్పండి."

చెప్పలేకపోయాను. "నేను కాస్త సున్నితం కాబట్టి" అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవారు. "బక్కెట్లో నీళ్లు లేవు. తర్వాత?" "వాడికి నా మీద గౌరవం లేదని అర్థమై..." మళ్లీ చెయ్యి. "అది మీరు అనుకున్నది. జరిగింది చెప్పండి." ఒక రాత్రి కథ చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. తీరా చూస్తే జరిగింది నాలుగు వాక్యాలు.

ఆరోజే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు, పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, దేనిమీదైనా ఆసక్తి ఉందా అని. 27కి నాకు 11 వచ్చింది. పదీ అంతకు మించి ఉంటే డిప్రెషన్ ఉందేమో చూడాలట, సైకియాట్రిస్టుకి చీటీ రాసిచ్చారు. ఆయన మందులు ఇప్పుడే వద్దన్నారు, పడుకునే వేళ సరిచేసుకోమన్నారు, నెలకి మళ్లీ రమ్మన్నారు. నాకు ఆశ్చర్యమనిపించింది ఇంకోటి. ఆ కాగితం అడిగేది గత రెండు వారాల గురించి మాత్రమే. నేనేమో నిద్రలేకపోవడాన్నీ, అన్నం సహించకపోవడాన్నీ కూడా నా స్వభావం ఖాతాలోనే రాసేసుకున్నాను. లోతైన మనుషులకి రాత్రుళ్లు నిద్రుంటుందా అని.

మూడో సెషన్లో ఆవిడ ఒక పాత ప్రయోగం గురించి చెప్పారు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులో 39 మంది విద్యార్థులకి పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకిస్తున్నానని చెప్పి అందరికీ ఒకే వర్ణన పంచాడట. అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. మీకు ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వెయ్యండంటే సగటు 4.26 వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. మా సేల్స్‌లో ఒకడున్నాడు, లిఫ్టులో ఎక్కిన ప్రతివాడితో మాట కలిపే రకం. నా టైపు వర్ణనలో అక్షరాలు కొట్టేసి, "ఇది నీ రాశిఫలం, చూడు" అని పంపాను. "భయ్యా, నా లోపల కూర్చుని రాశారు!" అన్నాడు. గులాబ్‌జామ్ దగ్గర నేను కార్చిన కన్నీళ్లు గుర్తొచ్చాయి.

నాకు బాగా పట్టింది మాత్రం దీని తర్వాత వచ్చిన విషయం. పరిశోధకులు ఎక్కువగా వాడే పద్ధతిలో రకాలుండవు, ఐదు కొలతలుంటాయి: కొత్తదనం మీద ఆసక్తి, క్రమశిక్షణ, నలుగురిలో కలవడం, ఎదుటివాళ్లతో సర్దుకుపోవడం, ఐదోది ఆందోళనకీ బాధకీ ఎంత తొందరగా లోనవుతామన్నది. ఎత్తు, బరువులాగా ప్రతిదీ అందరిలోనూ ఎంతోకొంత ఉంటుంది, ఎక్కువమంది నడిమధ్యలోనే ఉంటారు. ఆ మధ్యలో గీత గీసి ఇటువాడికి ఐ, అటువాడికి ఇ (ఎక్స్‌ట్రావర్ట్, నలుగురిలో హుషారయ్యే మనిషి) అని పేరు పెడితే, గీతకి దగ్గరగా ఉన్నవాడు మళ్లీ పరీక్ష రాసినప్పుడు అటు దూకేస్తాడు. నేనూ ఆ వారమే మళ్లీ రాశాను, చివరి అక్షరం పి పోయి దాని ఎదురక్షరం జె వచ్చింది, అంటే అన్నీ ముందే తేల్చుకుని పద్ధతిగా పెట్టుకునే రకం. ఎక్సెల్ మహిమ అయ్యుంటుంది. ఇంతకీ అసలు విషయం: మన నాలుగు జతలూ ఆ ఐదింట్లో నాలుగింటికి ఏదో ఒక మేర దగ్గరగా వస్తాయట. ఐదోదానికి, అంటే ఆందోళనకి, నాలుగక్షరాల్లో చోటే లేదు. నేను ఐఎన్ఎఫ్‌పీని కాబట్టి ఇలా బాధపడుతున్నాననుకున్నానే, ఆ బాధని కొలిచే అక్షరం ఆ కార్డు మీద అసలు లేదు!

అయితే ఆ కార్డు చించేశానా అంటే లేదు. ముంగి అన్న మాట నుంచి నన్ను బయటికి లాగింది అదే, ఆ రుణం ఉంది. ఆఫీసు పార్టీ నుంచి తొమ్మిదింటికి వచ్చేస్తే ఇప్పుడు తప్పు చేసినట్టనిపించదు. దాన్ని సాకుగా చూపించి అడగకుండా, చెప్పకుండా, పని వాయిదా వేసి కూర్చోవడమే నేను మానుకోవాల్సింది. స్వతహాగా తక్కువ మాట్లాడటం ఒకటి, మాట్లాడితే ఏమనుకుంటారో అన్న భయం ఇంకోటి. నేను రెండోదాన్ని మొదటిదాని పేరుతో పెంచి పోషించాను.

ఆవిడ నాకు రెండు గళ్ల నోట్‌బుక్ పెట్టించారు. ఎడమవైపు జరిగింది, కుడివైపు నేననుకున్నది. ఇంకో షరతు, అడగాల్సింది ఏదైనా ఒక రోజులోపల అడిగెయ్యాలి. చిన్నవాటితో మొదలుపెట్టమన్నారు.

మొదటిది మా వీధి చివర దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో, జరిగింది. బెంగళూరులో వడ అడిగితే సాంబారు డిప్పా, సపరేటా అని అడుగుతారు. నేను సపరేట్ అన్నాను. కౌంటరు మీదికి వచ్చింది డిప్, వడ అప్పటికే సగం నాని ఉంది. మామూలుగా అయితే తినేసి, ఈ ఊళ్లో మనిషి మాట వినేవాడే లేడని బాధపడుతూ ఇంటికెళ్లేవాణ్ణి. ఆరోజు ప్లేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక లైనుంది. చెవులు వేడెక్కాయి. వచ్చీరాని కన్నడంలో "అణ్ణా, సపరేట్ కేళిద్దె" అన్నాను. ఆయన తలెత్తలేదు. ఒక చేత్తో ప్లేటు లాక్కుని, ఇంకో చేత్తో కొత్త వడ, పక్కన సాంబారు గిన్నె పెట్టి తోసేశాడు. నాలుగు సెకన్లు పట్టుంటుంది. నా కుడివైపు గడిలో ఆరోజు రాసింది ఏడు లైన్లు: అరుస్తాడు, అందరూ చూస్తారు, కన్నడం రాదని తిడతారు, ఇంకేవో. ఎడమవైపు ఒక్క లైను. వడ మార్చాడు.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఇదంతా అమ్మకి చెప్పాను, నాలుగక్షరాలతో సహా. అమ్మ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అంతా విని, "దీనికి ఆయమ్మకి దుడ్లిచ్చి చెప్పించుకుంటివా నాయనా?" అంది. "చిన్నప్పుడు అలిగి మంచం కింద దూరేవాడివి. ఎందుకు అలిగినావో చెప్పవు. మేమే కనుక్కోవాల. కనుక్కోకపోతే దానికి ఇంకో అలక. ఒకసారి మేం మర్చిపోయి సినిమాకి పోతే ఆడే నిద్రపోయింటివి."

అలక! ఇంత చిన్న తెలుగు మాట నాకు రెండేళ్లుగా తట్టలేదు. పెళ్లిళ్లలో దానికోసం ఒక పాన్పే వేస్తాం కదా. పెళ్లికొడుకు ముఖం తిప్పుకుని కూర్చుంటాడు, మామగారు బతిమాలతాడు, వాచీయో బండో తేలాక లేస్తాడు. అయినా అతను నయం, ఏం కావాలో నోరు తెరిచి చెబుతాడు, గంటలో అయిపోతుంది. నేను నెలలు నెలలు అలక పాన్పు మీద కూర్చున్నాను, అలిగానని అవతలివాడికి కబురు కూడా పెట్టకుండా.

తిరిగొచ్చాక వాడికి ఫోన్ చేశాను. మెసేజ్ అయితే మళ్లీ పన్నెండు పేరాలవుతుందని భయం. "ఆ షీట్ పంపింది తప్పు మచ్చా. అంతకుముందు అడక్కపోవడం ఇంకా తప్పు" అన్నాను. కాసేపు అవతల బండ్ల చప్పుడు తప్ప ఏం లేదు. తర్వాత, "వైఫై ఎవరు కట్టారు మచ్చా, రెండేళ్లు?" అన్నాడు. గ్యాస్ సిలిండరు కూడా వాడే. నా 43 వరసల్లో ఆ రెండూ లేవు. చూడనేలేదు. లెక్క కట్టి పంపిస్తానన్నాను. "ఏడిశావులే" అని పెట్టేశాడు. ఆ తర్వాత రెండు నెలలు వాడు ఫోన్ చెయ్యలేదు. నేను నోట్‌బుక్‌లో ఎడమవైపు "ఫోన్ చెయ్యలేదు" అని రాసి, కుడివైపు ఏదీ రాయకుండా పెన్ను మూసేశాను. రాయాలని చేతులు ఒకటే దురద పెట్టాయి.

2025 ఫిబ్రవరిలో వాడి పెళ్లి. కార్డు వాట్సాప్‌లో వచ్చింది, అందరికీ పంపినట్టే. పుంగనూరు వెళ్లాను. అమ్మాయివాళ్లది గోదావరి వైపు, వాళ్ల ముచ్చట కోసం వీణ్ణి అలక పాన్పు మీద కూర్చోబెట్టారు. వీడికేమో అలగడం చేతకాదు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాళ్ల మామగారు "ఏం కావాలో చెప్పండి అల్లుడుగారూ, మొహమాటపడకండి" అని రెండు మూడుసార్లు అడిగారు. వాడు గుంపులో నన్ను వెతికి పట్టుకుని, అందరికీ వినబడేలా అన్నాడు.

"నోటితో చెప్పను మామయ్యా. రాత్రి 1.40కి ఎక్సెల్‌లో పంపిస్తా."

పందిట్లో ఎవరికీ అర్థం కాలేదు. పురోహితుడు కూడా మర్యాదకి నవ్వాడు. నేను భోజనాల వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాను.